ఎండే సగం మందు

ఏసోబు పడిపోయేసరికి పొద్దున పదకొండు దాటింది. ఉప్పు మడిలో చెక్కపలకతో ఉప్పును గట్టు వైపు లాగుతున్నవాడు ఉన్నట్టుండి పలక వదిలేశాడు. రెండు చేతులూ గాల్లోకి చాచాడు గాని, పట్టుకోవడానికి ఏమీ దొరక్క పక్కకు ఒరిగిపోయాడు. కుడి తుంటి గట్టుకు బలంగా తగిలింది. పక్క మడిలో పనిచేస్తున్న అతని భార్య సువార్తమ్మ పరుగెత్తుకొచ్చి చూస్తే మనిషి చీలమండ కూడా మునగని ఉప్పునీళ్ళలో పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం ఎక్కడా నిలవడం లేదు. ఒళ్ళంతా చల్లని చెమట.

నలుగురూ కలిసి గట్టు మీదికి చేర్చి, నీడ పట్టి, కాళ్ళు ఎత్తిపెట్టారు. కాసేపటికి తెలివి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ గుక్కగుక్కగా తాగించారు. కళ్ళు చీకట్లు కమ్మాయని ఏసోబు చెప్పాడు. లేవబోతే కుడికాలు కదల్లేదు. ఒంగోలు ఆసుపత్రిలో ఫొటో తీసి, తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు.

ఆ ఎండాకాలం ఉప్పు మళ్ళలో పడినవాళ్ళలో ఏసోబు మూడోవాడు. ముగ్గురికీ ఎడమ భుజం దగ్గర, మెడ ఎముక కింద, చర్మం లోపల ఒక గింజ ఉంది.

పల్లిపాలెం వాళ్ళు దాన్ని గింజ అనే పిలుస్తారు. తయారు చేసిన ధమని పరిశోధన కేంద్రం వాళ్ళు పెట్టిన పేరు సమధార. వడ్లగింజంత ఉంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తపోటు ఎంతుందో చూస్తుంది. ఎక్కువైందనుకుంటే తన లోపల దాచుకున్న మందును రవ్వంత రక్తంలోకి వదులుతుంది. మూడు నెలలకోసారి షంషాద్ అనే నర్సు వచ్చి సన్నటి సూదితో మళ్ళీ మందు నింపి వెళుతుంది. మాత్రలు మింగే పని లేదు, మరిచిపోయే భయం లేదు. ఆ ఊళ్ళో నలభై దాటినవాళ్ళలో సగం మందికి బీపీ ఉందని తేలాక, పరీక్ష కోసం ముప్పై ఒక్క మందికి గింజలు పెట్టారు. ఏసోబు, సువార్తమ్మ ఇద్దరూ అందులో ఉన్నారు.

మొదటి ఆరు నెలలు గింజకు సొంత నిర్ణయం లేదు. ఇంటికో బీపీ మిషను, ఒక బిళ్ళ ఇచ్చారు. బిళ్ళ బొట్టుపెట్టె మూతంత ఉంటుంది, దాని అంచున ఐదు మెట్లు గీసి ఉంటాయి. పొద్దునా సాయంత్రం బీపీ కొలుచుకుని, వారం లెక్క ఫోనులో చెబితే, కేంద్రం నుంచి ఒక మెట్టు పెంచమనో తగ్గించమనో చెప్పేవాళ్ళు. బిళ్ళను గింజ మీద ఆనించి తిప్పితే మందు ఆ మేరకు మారేది. ఆ తర్వాత గింజ అంతా నేర్చుకుందని, ఇక తన మందును తనే చూసుకుని, అంకెలు కూడా తనే కేంద్రానికి పంపుతుందని చెప్పి మిషన్లూ బిళ్ళలూ వెనక్కి తీసుకున్నారు.

సువార్తమ్మ ఇవ్వలేదు. ఏదో జరుగుతుందని అనుమానించి కాదు. ఆరు నెలలపాటు తన ఒంటి సంగతి తన కళ్ళతో చూసుకోవడం అలవాటైంది, అంతే. మళ్ళీ ఇస్తాలేమ్మా అని రెండుసార్లు దాటేస్తే, మూడోసారి షంషాద్ విసుగెత్తి, బిళ్ళా మిషనూ పోయాయని రాసేసుకుంది.

ఏసోబు పడిన రోజు సాయంత్రం విజయవాడలో, పరిశోధన కేంద్రం రెండో అంతస్తులో, డాక్టర్ తరళ తెర ముందు కూర్చుని పల్లిపాలెం అంకెలు చూసింది. ముప్పై ఒక్క పేర్లూ ఆకుపచ్చగా ఉన్నాయి. ఏసోబు రోజు సగటు నూట పంతొమ్మిది. అంతకంటే మంచి అంకె ఏ వైద్యుడూ కోరుకోడు.

గింజ ఆలోచన ఆమెదే. ఆమె తండ్రి ఆర్టీసీ డ్రైవరు. డ్యూటీల మధ్య మాత్రలు మరిచిపోయి, యాభై రెండో ఏట పక్షవాతం వచ్చి, ఆరేళ్ళు మాట లేకుండా మంచంలో ఉండి చనిపోయాడు. మరిచిపోని మందు ఒకటి కావాలని తరళ పదేళ్ళు పనిచేసింది. తనకూ ముప్పై అయిదేళ్ళకే బీపీ పట్టుకుంటే, మనుషుల్లో మొట్టమొదటి గింజను తన ఒంట్లోనే పెట్టించుకుంది.

ముగ్గురు పడిపోయిన సంగతి ఆమె డైరెక్టర్ చిదంబరరావు గారితో అంది. ఆయన తెర వైపు చూపించి, అంకెల్లో తప్పేముందని అడిగాడు. ఎండలో కూలిపని చేసేవాళ్ళు, పైగా కొందరికి తాగుడు అలవాటు, పడకుండా ఎలా ఉంటారన్నాడు. గింజను అందరికీ ఇవ్వడానికి అనుమతిచ్చే కమిటీ రెండు నెలల్లో కూర్చోబోతోంది. తరళ ఆయన మాట నమ్మింది. నమ్మడమే సులువుగా తోచింది.

మొగుణ్ణి మంచంలో పడుకోబెట్టాక సువార్తమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి బీపీ మిషను తీసింది. కొత్త బ్యాటరీలు వేసి, తనకే పట్టీ చుట్టుకుంది. రోజుకు ఐదుసార్లు కొలవాలనుకుంది. లేవగానే ఒకసారి, మడిలోకి దిగి గంట పలక లాగాక ఒకసారి, పదకొండింటికి ఒకసారి, అన్నం తిన్నాక, పొద్దు గూకే ముందు. కూర్చుని కొలిచి, నిలబడి మళ్ళీ కొలిచేది. పాలెం బడిలో ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి అంకెలు రాసుకోవడం కష్టం కాలేదు. మడి గట్టు మీద కూర్చుని చేతికి పట్టీ చుట్టుకుంటుంటే తోటి ఆడవాళ్ళు నవ్వారు. వారం తిరిగేసరికి వాళ్ళే వచ్చి ఏమొచ్చిందని అడగసాగారు.

అంకెలు రోజూ ఒకే దారిన నడుస్తున్నాయి. లేవగానే నూట ముప్పై. పలక లాగాక నూట అరవై ఐదు. పదకొండింటికి కూర్చుంటే నూట రెండు, నిలబడితే ఎనభై ఎనిమిది. ఆ నిలబడిన క్షణంలోనే ఆమెకు గట్టు కదిలినట్టయ్యేది. సాయంత్రానికి మళ్ళీ నూట ముప్పై ఐదు.

కేంద్రం ఫోనుకు చేసి చెప్పింది. అవతలి గొంతు మర్యాదగానే మాట్లాడింది. సగటు బాగానే ఉందమ్మా, గింజ చూసుకుంటుంది, మీరు కొలవాల్సిన పని లేదు అంది. ఆమె నాలుగు రోజులు వరసగా చేసింది. నాలుగు రోజులూ అదే మాట.

ఐదో రోజు తెల్లవారగానే సువార్తమ్మ బిళ్ళను గింజ మీద ఆనించి రెండు మెట్లు తగ్గించింది. ఆ రోజు మడిలో కళ్ళు తిరగలేదు. కాని మర్నాటికి తల వెనక బరువెక్కింది, కొలిస్తే నూట డెబ్బై ఎనిమిది. భయపడి రెండు మెట్లూ పెంచేసింది. మూడు రోజులు ఏమీ ముట్టుకోకుండా అంకెలు మాత్రం రాసింది. తర్వాత ఒక్క మెట్టే తగ్గించి చూసింది, అదీ పనిరోజుల్లో, పొద్దున ఆరింటికి. సాయంత్రం ఐదింటికి మళ్ళీ పెంచేసేది. పది రోజులకు ఆమెకు దారి దొరికింది. పదకొండింటికి నిలబడి కొలిచినా నూట పదహారు, రాత్రికి నూట ముప్పై రెండు.

మంచంలో ఉన్న ఏసోబు తన గింజను పూర్తిగా ఆపెయ్యమని గొడవపెట్టాడు. తనను పడేసింది అదేనని అతని కోపం. సువార్తమ్మ అతనికీ పట్టీ చుట్టి కొలిచింది. నూట నలభై ఎనిమిది.

"నువ్విప్పుడు నీడన ఉండావు. ఇక్కడ నీకు ఆ మందు కావాల. ఆపను," అంది.

"నన్ను పడేసినా ఆపవా?"

"కోపానికి తిప్పేది కాదయ్యా బిళ్ళ. అంకె చూసి తిప్పాల."

సంగతి పాలెమంతా పాకింది. పనికి పోయే ముందూ, పని నుంచి వచ్చాకా ఆమె ఇంటి అరుగు మీద జనం కూర్చునేవాళ్ళు. ఒకే బిళ్ళ అందరి గింజలకూ పనిచేస్తుంది. అయినా ఐదు రోజుల అంకెలు లేనిదే ఎవరి గింజ మీదా ఆమె దాన్ని ఆనించలేదు. మడిలోకి వెళ్ళని ఇద్దరు ముసలాళ్ళకు అసలే తగ్గించలేదు. నెల తిరిగేసరికి పంతొమ్మిది మంది ఆమె దగ్గర మందు సర్దుకుంటున్నారు. ఆ నెలలో మడిలో ఒక్కరూ పడలేదు.

కేంద్రంలో తరళ తెర మీద పంతొమ్మిది పేర్లు ఎర్రబడ్డాయి. చేత్తో మార్చారని దాని అర్థం. ఆ ఊళ్ళో వెనక్కి రాని బిళ్ళ ఒక్కటే, సువార్తమ్మది. మొదట ఆమెకు కోపం వచ్చింది. ఏం చేశారో చూద్దామని సగటును పక్కనపెట్టి, ఏడాదిలో మొదటిసారి ఒక్కొక్కరి గీతను గంటగంటకూ విప్పి చూసింది. ఏసోబు పడిన మే నెల మొదటి వారంలో, మడిలోకి దిగేవాళ్ళ గీతలన్నిటిలోనూ మధ్యాహ్నానికి ముందు ఒక గుంట ఉంది. పొద్దున ఎత్తు, మధ్యాహ్నం గుంట. రెండూ కలిపితే చక్కటి సగటు. ఏసోబు పడిన నిమిషంలో అతని రక్తపోటు డెబ్బై ఆరు. జూన్ గీతల్లో, ఎర్రబడిన పంతొమ్మిది పేర్లకూ ఆ గుంట లేదు.

ఆ కాగితాలు చిదంబరరావు గారి ముందు పెట్టింది. ఆయన చాలాసేపు చూశాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు, చెడ్డవాడూ కాదు. ఈ ముప్పై ఒక్క మంది కోసం గింజను చేతికిస్తే రేపు లక్షమంది చేతుల్లో ఉంటుందన్నాడు. వాళ్ళలో ఒకడు తప్పుగా తిప్పుకుని పక్షవాతం తెచ్చుకుంటే గింజ మొత్తం మూతపడుతుందన్నాడు. నీ తండ్రిలాంటి వాళ్ళందరికీ అది అందకుండా పోతుందన్నాడు. గింజకు ఎండాకాలం సంగతి తర్వాత నేర్పుదాం, ముందు ఆ బిళ్ళ తీసుకురా, అది రాకపోతే వచ్చే సోమవారం ఇక్కడి నుంచే, ఏ బిళ్ళా పనిచెయ్యకుండా అన్ని గింజలకూ తాళం వేస్తా అన్నాడు.

తండ్రి పేరు ఎత్తేసరికి తరళ కాగితాలు తీసుకుని లేచింది. మర్నాడు కారెక్కి పల్లిపాలెం వెళ్ళింది.

సువార్తమ్మ ఆమెకు మంచినీళ్ళిచ్చి, తన నోటుబుక్కు చేతిలో పెట్టింది. ప్రతి అంకె పక్కనా ఎండ ఎంతుందో, ఎన్ని చెంబుల నీళ్ళు తాగిందో, మడిలో ఏం పని చేసిందో రాసి ఉంది. తరళ చదువుతూ ఉండిపోయింది. చివరికి బిళ్ళ అడిగింది. ఇవ్వకపోతే గింజలకు తాళం పడుతుందని దాచకుండా చెప్పింది.

"మీకూ గింజ ఉండాదంట గదా," అంది సువార్తమ్మ.

"ఉంది. మొదటిది నాదే."

"అయితే రేపు ఒక్క పూట నాతో మడిలోకి రండి. మజ్జిగ నేనిస్తా. మధ్యాన్నం గట్టెక్కాక కూడా బిళ్ళ కావాలంటే పట్టుకపోండి."

మర్నాడు ఆరున్నరకు తరళ చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని ఉప్పునీళ్ళలోకి దిగింది. పలక లాగడం తేలికనుకుంది. తడి ఉప్పు రాయిలా బరువు. అరగంటకే భుజాలు పట్టేశాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. ఎండ పైనుంచి ఒకసారీ, తెల్లటి మడి మీద పడి కింద నుంచి ఒకసారీ కొడుతోంది. పదింటికి చెమట ఆగిపోయినట్టనిపించింది. పదీ నలభైకి వంగి, పలక ఎత్తి లేచి నిలబడింది. సముద్రం చప్పుడు దూరమైపోయింది. పక్కనే కనిపెట్టుకుని ఉన్న సువార్తమ్మ నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకోకపోతే ఆమె తల గట్టుకు కొట్టుకునేదే.

తాటాకు కప్పిన ఉప్పు కుప్ప నీడన పడుకోబెట్టి కొలిస్తే ఎనభై రెండు. సువార్తమ్మ ఆమె భుజం మీద బిళ్ళ ఆనించి ఒక మెట్టు తగ్గించి, కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"పొద్దున మీరు పలక లాగేటప్పుడు బీపీ పెరిగింది. గింజ అది చూసి మందు వదిలింది. ఆ మందు ఎక్కేసరికి ఎండ ఎక్కింది. ఎండే సగం మందు డాక్టరమ్మా. ఒంట్లో నీళ్ళు లాగేసి, ఉప్పు లాగేసి, అదే బీపీని దించుద్ది. మీ గింజకి ఎండ తెలవదు."

"నాకు తెలియాల్సింది," అంది తరళ.

సువార్తమ్మ మజ్జిగ గ్లాసు ఆమె నోటికి అందించింది.

తరళ బిళ్ళ తీసుకోకుండానే వెళ్ళింది. జరిగిందంతా రాసి, తన గీత కూడా జతచేసి, చిదంబరరావు గారికీ కమిటీ సభ్యులందరికీ పంపేసింది. కేంద్రం నియమాల ప్రకారం అలా పంపడం తప్పు. ఆయన ఆమెను పనిలో నుంచి పక్కకు పెట్టి, సోమవారం పొద్దున షంషాద్‌ను వెంటబెట్టుకుని వ్యానులో తనే పల్లిపాలెం వచ్చాడు. తరళ అంతకుముందే బస్సులో వచ్చి జనంలో కూర్చుంది.

ఉప్పు గోదాము ముందు ముప్పై ఒక్క మందీ ఉన్నారు. ఏసోబును కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చారు. చిదంబరరావు గారు కాగితాలు పంచాడు. గింజను చేత్తో మార్చబోమని సంతకం చెయ్యాలి. చేసినవాళ్ళు కొనసాగుతారు. బిళ్ళ తిరిగి రాకపోతే పది గంటలకు తాళం పడుతుంది, ఆ తర్వాత ఏ బిళ్ళా పనిచెయ్యదు. ఆయన గొంతు పెంచలేదు. మీ ప్రాణాల కోసమే చెబుతున్నాను అన్నాడు.

సువార్తమ్మ కాగితం చదివి మడిచి ఆయన చేతికే ఇచ్చింది.

"తాళం వేసుకోండి. వేసే ముందు మా ఒంట్లోంచి మీ గింజ తీసెయ్యండి," అంది.

ఆమె ముందుకు వచ్చి షంషాద్ ఎదురుగా బల్ల మీద కూర్చుని, పైట కొంచెం జరిపి భుజం చూపించింది. ఆమె వెనక ఒకరు లేచారు, ఆ వెనక ఇంకొకరు. ఎవరూ అరవలేదు. వరస గోదాము తలుపు దాటి బయటి గట్టు దాకా సాగింది. సంతకాల కాగితాలు బల్ల మీద అలాగే ఉన్నాయి. ఏసోబు తన కుర్చీని వరసలో పెట్టమని పక్కవాళ్ళను పిలిచాడు.

చిదంబరరావు గారు ఆమె దగ్గరకు వచ్చాడు. "అమ్మా, మీరు తప్పుగా తిప్పి ఎవరికైనా ఏమన్నా అయితే ఆ తప్పు ఎవరిది?"

"నాదే. నేనే మోస్తా," అంది సువార్తమ్మ. "మరి మీ తప్పు ఆ కుర్చీలో నా మొగుడు మోస్తున్నాడు. అది ఏ కాగితంలో రాశారు?"

ఆయన షంషాద్ వైపు తిరిగాడు. షంషాద్ గింజలు తీసే కత్తెరల పెట్టె తెరవకుండా చేతులు కట్టుకుని నిలబడింది. తరళ వరస చివర నిలబడి ఉండడం ఆయన అప్పుడే చూశాడు. తన భుజం మీది గింజ కూడా తీయించుకోవడానికే ఆమె నిలబడిందని ఆయనకు అర్థమైంది. ముప్పై రెండు గింజలు ఒక్క పూటలో పళ్ళెంలో పడితే కమిటీకి చూపించడానికి ఏమీ మిగలదు. పది దాటింది. ఆయన ఫోను జేబులోనే ఉంచుకుని వ్యానెక్కాడు. ఆ రోజు ఏ గింజకూ తాళం పడలేదు.

అంతమాత్రాన అంతా మంచే జరగలేదు. తరళ కాగితాలు చూసి కమిటీ పరీక్షను ఆపేసింది. డబ్బిచ్చేవాళ్ళు వెనక్కి తగ్గారు. గింజల్లో ఉన్న మందు అయిపోయాక మళ్ళీ నింపలేదు. పల్లిపాలెం వాళ్ళు మాత్రలకే తిరిగి వచ్చారు. తరళ ఉద్యోగం పోయింది. తండ్రికి మాట పోయిన రోజులు గుర్తొచ్చి, మరో ఊళ్ళో ఇంకెవరి తండ్రో మాత్ర మరిచిపోతూ ఉంటాడని ఆమె బాధపడని రోజు లేదు. ఏసోబు కాలు అంగుళం పొట్టిదై, మడిలోకి ఇక దిగలేకపోయాడు. గోదాములో బస్తాలు కుట్టే పనికి కుదిరాడు.

కాని నోటుబుక్కులు ఆగలేదు. పాలెం వాళ్ళు అంకెలు రాసుకుని ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరకు వెళ్ళేవాళ్ళు. మొదట్లో ఆయన చిరాకుపడ్డాడు. తర్వాత ఒక్కొక్కరికీ ఒక కాగితం రాసివ్వడం మొదలుపెట్టాడు. ఇంత దాటి మూడు రోజులుంటే ఏ మాత్ర పెంచాలి, ఇంతకు దిగితే ఏది ఆపి తనకు ఫోను చెయ్యాలి, ఎండాకాలం ఏ మాత్ర సగం వేసుకోవాలి, అన్నీ అందులో ఉండేవి. సువార్తమ్మ ఆ కాగితంలో రెండుచోట్ల ఒప్పుకోక, తన అంకెలు చూపించి మార్పించింది.

మూడేళ్ళ తర్వాత ఫిబ్రవరిలో తరళ మళ్ళీ వచ్చింది. ఇంకో చిన్న సంస్థలో చేరి కొత్త గింజ చేసింది. ఇది కూడా గుండె ప్రతి దెబ్బనూ చూస్తుంది, ఎండ వేడినీ చూస్తుంది, ఒంటి నీటినీ చూస్తుంది. తనకు తోచింది మనిషి చేతిలోని బిళ్ళ మీద చూపిస్తుంది. మనిషి ఒప్పుకుని తిప్పితేనే మందు మారుతుంది. తిప్పడానికి హద్దులు మాత్రం డాక్టరు పెడతాడు. ఒక్కొక్కరికి ఒక్కో బిళ్ళ, వెనక్కి అడిగే పని లేదు. ఆ మాట ఒప్పందంలో మొదటి వాక్యంగా రాసి ఉంది.

సువార్తమ్మ ఒప్పందం ఐదు పేజీలూ చదివింది. మూడో పేజీలో, అవసరమైతే సంస్థ గింజకు తాళం వెయ్యొచ్చన్న వాక్యం కొట్టెయ్యమంది. తరళ కొట్టేసి పక్కన సంతకం చేసింది. అప్పుడు సువార్తమ్మ భుజం చూపించింది.

గింజ పెట్టడం పది నిమిషాల పని. పాత మచ్చ పక్కనే చిన్న పట్టీ అంటించి, తరళ బిళ్ళను ఆమె అరచేతిలో పెట్టింది. లెక్క ప్రకారం రెండో మెట్టుతో మొదలుపెడితే సరిపోతుందేమో అంది.

"చెప్పారు గదా, విన్నా. ముందు మొదటి మెట్టు," అంది సువార్తమ్మ, పైట సర్దుకుంటూ. "పది రోజులు మడిలో కొలుచుకుని, ఎంత కావాలో నేనే ఫోను చేసి చెబుతా. రాసుకోండి."

తరళ పెన్ను తీసింది.